బ్యాండు పక్కన పరమేశ్వరిగారు

మొన్న మాఘమాసంలో గుండుగొలనులో జరిగిన ఒక పెళ్ళి ఊరేగింపులో పరమేశ్వరిగారి సవరం బ్యాండువాళ్ళ బాకాకి చిక్కుకుని, ఆవిడ లేకుండానే పెళ్ళిపందిరి దాకా వెళ్ళింది.

ఆ బ్యాండులో ముందుకీ వెనక్కీ జరుపుతూ ఊదే పొడుగు బాకా ఒకటుంది. ఆవిడ దాని పక్కనే నడుస్తున్నారు. పాట మంచి పట్టులో ఉండగా బాకా కొసనున్న చిన్న మీట ఆవిడ ముడిలోకి దూరింది. ఊదే మనిషికి పాట మధ్యలో ఆపే వీల్లేదు. అతను బాకా వెనక్కి లాగాడు, సవరం దానితో వెళ్ళిపోయింది. ఆ తరవాత పాటలో దీర్ఘం వచ్చినప్పుడల్లా సవరం ఒకసారి పెళ్ళికొడుకు కారు వైపు, ఒకసారి డ్రమ్ముల వైపు ఊగుతూ కనిపించింది. పరమేశ్వరిగారు కెవ్వుమనలేదు. పైటకొంగు తల మీదికి లాక్కుని, తాళం తప్పకుండా ఇంకాస్త దూరం నడిచి, సందు మలుపులో పక్కకి తప్పుకుని, బస్సెక్కి ఇంటికి వచ్చేశారు.

వెనక్కి వెళ్ళి సవరం ఇమ్మని అడగవచ్చు గదా అంటే, అడగడానికి లేదు. ఆ పెళ్ళి ఎవరిదో ఆవిడకి తెలియదు.

పరమేశ్వరిగారిది తాడేపల్లిగూడెం. ఉల్లిపాయల మార్కెట్టులో కొట్టున్న ఈశ్వరరావుగారి భార్య. ఇద్దరికీ ఒక్కటే పిచ్చి, బ్యాండు. మిగతా భార్యాభర్తలు సినిమాలకీ గుళ్ళకీ తిరిగే వయసులో వీళ్ళు స్కూటరు మీద బ్యాండుల వెంట తిరిగారు. ఏలూరులో వినాయకుణ్ణి నిమజ్జనానికి తీసుకెళుతున్నారంటే కొట్టు తలుపులు సగం మూసేసి బయల్దేరేవారు. విజయవాడలో ఆర్కెస్ట్రా ఉందంటే పాసింజరు బండెక్కేవారు. కొల్లేటికోట తిరనాళ్ళకి చేపల చెరువుల గట్ల మీద నుంచి వెళుతూ, ఒకసారి స్కూటరుతో సహా బురదలో దిగబడి, అటుగా పోతున్న బ్యాండువాళ్ళ వ్యానెక్కి వెళ్ళారు. ఆ రోజు ఈశ్వరరావుగారు ఒళ్ళో పెద్ద డ్రమ్ము పెట్టుకుని కూర్చున్నారనీ, అంత సంతోషంగా ఆయన తన పెళ్ళిపీటల మీద కూడా కూర్చోలేదనీ పరమేశ్వరిగారు చెబుతారు.

బంధువుల పెళ్ళిళ్ళలో ఈశ్వరరావుగారికి ఒక ఉద్యోగం ఉండేది. తాళి కట్టే క్షణంలో తుమ్మో, ఏడుపో, మరో అశుభం మాటో ఎవరి చెవినా పడకుండా మేళం ఒక్కసారిగా హోరెత్తాలి. అదే గట్టిమేళం. పంతులుగారు తల ఊపగానే బ్యాండువాళ్ళకి కనపడేలా చెయ్యెత్తి సైగ చెయ్యడానికి ఒక మనిషి కావాలి. ఈశ్వరరావుగారు తెల్లటి పెద్ద చేతిరుమాలు పైకెత్తేవారు. చుట్టుపక్కల బ్యాండువాళ్ళందరికీ ఆ చేతిరుమాలు తెలుసు. అది లేచిందంటే కర్రలు వాటంతటవే డ్రమ్ముల మీద పడేవి. ఉల్లిపాయల వ్యాపారంలో ఆయనకి అంత పలుకుబడి ఎప్పుడూ లేదు.

ఆయన పోయి ఆరేళ్ళయింది. ఏడాది పాటు పరమేశ్వరిగారు బ్యాండు వినిపిస్తే కిటికీ దగ్గరికి కూడా వెళ్ళలేదు. తరవాత నెమ్మదిగా మళ్ళీ మొదలుపెట్టారు, అయితే ఒక పద్ధతి ప్రకారం. మా వీధిలో ఊరేగింపు వస్తోందంటే పెరటి గుమ్మం నుంచి బయటపడి, వెనక వీధి చుట్టి వచ్చి, అందరికన్నా ఆఖరున కలిసేవారు. భర్త పోయిన మనిషి శుభకార్యానికి ఎదురు రాకూడదు గదా. ఎదురు రావద్దన్నారు గానీ వెనక రావద్దని ఎవరూ అనలేదని ఆవిడ లెక్క. వెనక నుంచి వింటే క్లారినెట్టు సరిగ్గా వినపడదు. డ్రమ్ములే వినపడతాయి. అయినా సరిపెట్టుకున్నారు.

కిందటేడు కొడుకు విజయ్‌కుమార్‌కి ఏలూరు సంబంధం కుదిరింది. అమ్మాయి పేరు వైష్ణవి. విజయ్‌కుమార్ స్నేహితులు డీజే అన్నారు. అదొక్కటీ కుదరదని పరమేశ్వరిగారు పట్టుబట్టి, ఏలూరు నుంచి ఎడ్విన్ మాస్టారి బ్యాండునే మాట్లాడించారు. ఈశ్వరరావుగారి చేతిరుమాలు ఎరిగిన పాత బ్యాండు అది.

పీటల మీద బావగారూ తోడికోడలూ కూర్చుంటారు, సరే. కాళ్ళు కడిగించుకోవడం, మంగళసూత్రం అందరిచేతా తాకించడం వాళ్ళే చూసుకుంటారు, అదీ సరే. పరమేశ్వరిగారు ఒక్కటే అడిగారు, అదీ కొడుకుని.

"విడిది నుంచి హాలు దాకా బ్యాండు పక్కన నడుస్తానురా. ముందు కాదు, పక్కన."

"నీ ఇష్టం అమ్మా. దానికి నన్నడగాలా?" అన్నాడు విజయ్‌కుమార్.

ఆ మాట పట్టుకుని ఆవిడ అరిటాకు రంగు పట్టుచీర కొనుక్కున్నారు. నడవడానికి వీలుగా కొత్త చెప్పులు కొనుక్కుని, ఇంట్లో తొడుక్కుని తిరిగి, కాళ్ళకి అలవాటు చేసుకున్నారు. ఎడ్విన్ మాస్టారికి ఫోన్ చేసి, "నేను వచ్చి పక్కన నిలబడ్డాకే మొదలెట్టండి మాస్టారూ," అన్నారు.

"అలాగేనండి అమ్మగారూ. మీరు రాకుండా కదలమండి," అన్నాడాయన.

పొద్దుటి ముహూర్తం. ఏలూరులో విడిది ఒక హోటలు పై అంతస్తులో. కింద వీధిలో పూలు కట్టిన కారులో విజయ్‌కుమార్ కూర్చున్నాడు. బ్యాండు బారు తీరింది. పరమేశ్వరిగారు కొత్త చెప్పులు తొడుక్కుని మెట్ల దగ్గరికి వచ్చేసరికి తోడికోడలు శేషారత్నంగారు వచ్చి చెయ్యి పట్టుకున్నారు. ఆవిడ గొంతు ఎప్పుడూ పెంచరు. మా వైపు పెంచాల్సిన అవసరం రాదు.

"పరమేశ్వరీ, నగల గది తాళాలు నీ దగ్గరుంచమ్మా."

"నేను కిందికెళుతున్నాను గదా అక్కయ్యా. వచ్చాక తీసుకుంటాను."

"గదిలో ఎవరో ఒకరు ఉండాలి గదా. నిన్ను తప్ప ఎవర్ని నమ్ముతాం చెప్పు. కాసేపు కూర్చో. టిఫిను పైకే పంపిస్తాను."

"విజయ్‌కి చెప్పానక్కయ్యా. బ్యాండు పక్కన..."

"చెప్పావటగా. వాడే నాతో అన్నాడు, 'దొడ్డమ్మా, అమ్మకి నువ్వు కాస్త నచ్చజెప్పు, నేను చెబితే బాధపడుతుంది' అని." శేషారత్నంగారు పరమేశ్వరిగారి పైట సర్దారు. "చీర బాగుందమ్మా. నీకీ రంగు నప్పుతుంది."

అక్కడ ఎవరూ అనకూడని మాట ఒక్కటీ అనలేదు. తాళాల గుత్తి చేతిలో పెట్టి, తలుపు కూడా మెల్లిగానే దగ్గరికి వేశారు.

కింద ఎడ్విన్ మాస్టారు మొదలుపెట్టలేదు. ముహూర్తానికి ఆలస్యం అవుతోందని పంతులుగారు తొందరపెడుతున్నారు. ఫొటోగ్రాఫరు గడియారం చూస్తున్నాడు. పెళ్ళికూతురి వైపు పెద్దమనిషి ఒకాయన దగ్గరికొచ్చి, "ఏవండీ మాస్టారూ, ఊదడానికి ఇంకా గాలి రాలేదాండీ?" అన్నాడు.

"అమ్మగారు రావాలండి," అన్నాడు ఎడ్విన్.

"ఏ అమ్మగారండీ?"

"పెళ్ళికొడుకుగారి అమ్మగారండి."

ఆ మాటకి కింద ఉన్నవాళ్ళంతా తలెత్తి పైకి చూశారు. కిటికీలో పరమేశ్వరిగారున్నారు. విజయ్‌కుమార్ కూడా చూశాడు. చూసి, సెల్‌ఫోను తీసి అందులో ఏదో వెతుక్కోవడం మొదలుపెట్టాడు.

ఇక తన మూలంగా ఆలస్యం కాకూడదనుకున్నారు ఆవిడ. మీరు కదలండి అని ఎడ్విన్‌కి సైగ చెయ్యాలి. ఒక చేతిలో తాళాల గుత్తి ఉంది. రెండో చేత్తో నడుముకి దోపుకున్న చేతిరుమాలు తీసి పైకెత్తారు. అది ఈశ్వరరావుగారిది. పెళ్ళినాడు ఆయనది ఏదో ఒకటి దగ్గరుండాలని తెచ్చుకున్నారు.

ఎడ్విన్ బ్యాండుకి ఆ చేతిరుమాలు లేస్తే ఒక్కటే తెలుసు. డ్రమ్ములన్నీ ఒక్కసారిగా హోరెత్తాయి, క్లారినెట్టు కీచుమంది, బాకాలన్నీ కలిశాయి. తాళి లేదు, పెళ్ళికూతురు లేదు, అక్షింతలు లేవు. నడివీధిలో, ఆటోలూ అరటిపళ్ళ బండ్లూ ఆగిపోయి చూస్తుండగా, గట్టిమేళం మోగిపోయింది. పంతులుగారు రెండు చేతులూ అడ్డంగా ఊపుతూ పరిగెత్తారు. అలవాటు కొద్దీ ఇద్దరు ముసలివాళ్ళు కారు మీద చల్లడానికి అక్షింతల కోసం జేబులు తడుముకున్నారు.

నిజానికి నవ్వుకోవలసిన సంగతి. కొందరు నవ్వారు కూడా. అంతలో ఎవరో, "కిటికీలోంచి ఆవిడే సైగ చేశారండీ," అన్నారు. దాంతో నవ్వు ఆగిపోయింది. ఎవరు సైగ చేశారన్నది తెలిశాక అది తమాషా కాకుండా అపశకునం అయింది. శేషారత్నంగారు మళ్ళీ పైకి వచ్చారు.

"ఎవరూ ఏమీ అనుకోలేదులే," అని కిటికీ మూసి గడియ పెట్టి వెళ్ళారు.

అసలు గట్టిమేళం పక్క వీధి హాల్లో మోగుతుంటే ఆవిడ మూసి ఉన్న కిటికీ లోంచి విన్నారు. ఆ రోజు ఎడ్విన్ చాలాసేపు ఆపకుండా వాయించాడని తరవాత మాకందరికీ చెప్పారు, అది తన కోసమేనని మాత్రం చెప్పలేదు. బూరెలూ పులిహోరా పైకే వచ్చాయి. అందరూ ఎంతో మర్యాదగా చూసుకున్నారు. పెళ్ళి వీడియోలో, కిటికీ దగ్గర ఒక చెయ్యి పైకి లేచిన చోట బొమ్మ ఆగి, గోదారి గట్టూ ఎగిరే కొంగలూ వస్తాయి. ఆ మార్పు విజయ్‌కుమార్ చెప్పి చేయించాడు.

పరమేశ్వరిగారు కొడుకుతో మాట్లాడడం మానలేదు, కోడలికి జడ వెయ్యడం మానలేదు. మా వీధి ఊరేగింపులకి వెనక వీధి చుట్టి వెళ్ళడం మాత్రం మానేశారు. పెళ్ళిళ్ళ రోజుల్లో పొద్దున్నే ఆ అరిటాకు రంగు చీర కట్టుకుని, మోకాళ్ళ డాక్టరు దగ్గరికని చెప్పి బస్సెక్కడం మొదలుపెట్టారు. ఎక్కడ బ్యాండు వినిపిస్తే అక్కడ దిగేవారు. ఒకరోజు పెంటపాడు, ఒకరోజు ఉండి, ఇంకోరోజు భీమడోలు. దిగాక పర్సులోంచి బొట్టుబిళ్ళ తీసి పెట్టుకునేవారు. మగపెళ్ళివారు ఆవిణ్ణి ఆడపెళ్ళివారి మనిషనుకునేవారు, ఆడపెళ్ళివారు మగపెళ్ళివారి మనిషనుకునేవారు. ఇద్దరూ గౌరవంగానే చూసేవారు. "వెనకున్నారేంటి పిన్నిగారూ, ముందుకు రండి," అని చెయ్యిపట్టి తీసుకెళ్ళి క్లారినెట్టు పక్కన నిలబెట్టేవారు. ఒకచోట హారతి పళ్ళెం కూడా చేతికిచ్చారు. మణికట్టు నొప్పని చెప్పి దాన్ని పక్కావిడకి అందించారు. ఆ ఒక్కటీ మాత్రం చెయ్యలేదు. చెయ్యకపోయినందుకు ఆ రాత్రి అన్నం సయించలేదు.

ఇలా సాగుతుండగా గుండుగొలనులో బాకా అడ్డం వచ్చింది.

పెళ్ళివారిలో నరసరాజుగారని చెరువుల ఆసామీ ఒకాయన ఉన్నారు. కూలీల వంటలకి ఉల్లిపాయలు ఈశ్వరరావుగారి రోజుల నుంచీ మన గూడెంలో విజయ్‌కుమార్ కొట్లోనే కొంటారు. పైటకొంగు కప్పుకుని వెళ్ళిపోతున్న మనిషిని ఆయన పోల్చుకున్నారు. మర్యాదస్తుడు. ఒకరి వస్తువు తన దగ్గర ఉంచుకోరు. మర్నాడు నిండుగా బేరాలు సాగుతున్న కొట్లోకి వచ్చి, స్వీట్లషాపు సంచీ ఒకటి కాటా పక్కన పెట్టారు.

"అమ్మగారిదండి. బ్యాండు మాస్టారు జాగ్రత్తగా విప్పి ఇచ్చాడండి."

మిఠాయి అనుకుని విజయ్‌కుమార్ అందరి ముందూ సంచీలో చెయ్యి పెట్టాడు. ఏదో జుట్టు తగలగానే చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. కాటా మీద తూకం ఊగింది. నరసరాజుగారు జరిగిందంతా మొదటి నుంచీ విశదంగా, గౌరవంగా చెప్పారు. "మావైపు ఎవరి తాలూకానో అనుకున్నామండి. చాలా సరదాగా నడిచారండి అమ్మగారు. ముందే తెలిస్తే భోంచేసి వెళ్ళమందుం గదండి," అన్నారు. హమాలీలు తల తిప్పుకుని నవ్వారు.

మధ్యాహ్నం భోజనానికి వచ్చిన విజయ్‌కుమార్ ఆ సంచీని వంటింటి గట్టు మీద పెట్టాడు. పరమేశ్వరిగారు చిక్కుడుకాయలు ఒలుస్తున్నారు. సంచీ వైపు చూశారు, లోపల ఏముందో అడగలేదు. వైష్ణవి మంచినీళ్ళ చెంబు పట్టుకుని గుమ్మంలోనే ఆగిపోయింది.

"బొట్టు కూడా పెట్టుకున్నావటగా," అన్నాడు విజయ్‌కుమార్.

ఆవిడ ఈనె తీసి, కాయ రెండు ముక్కలు చేశారు.

"మార్కెట్టులో తలెత్తుకోలేకపోయాను. నలుగురూ ఏమనుకుంటారు? ఒకళ్ళు పిలిచిన పెళ్ళి కాదు, మనవాళ్ళ పెళ్ళి కాదు. ఊరూ పేరూ తెలియనివాళ్ళ పెళ్ళిలో పోయి బ్యాండు పక్కన నిలబడతావేంటమ్మా?"

పరమేశ్వరిగారు ఇంకో చిక్కుడుకాయ తీసుకున్నారు.

"తెలిసినవాళ్ళు నిలబడనివ్వరు గదరా."