మహాలక్ష్మమ్మ లడ్డులో పసుపు

పెడనలో మహాలక్ష్మమ్మ బూందీ లడ్డు కావాలంటే పెళ్ళివాళ్ళు ముందే వచ్చి చెప్పుకోవాలి. "ఆ రంగు ఇంకెవరికీ రాదమ్మా" అనేవారు. ఎలా వస్తుంది? కొట్టులో కొన్న రంగైతే కదా! ఆవిడ తండ్రి కలంకారీ అద్దకం చేసేవాడు. దానిమ్మ తొక్కలు మరగబెట్టి, బట్ట ముంచే ముందు ఆ పసుపు రంగు నీళ్ళను నాలుక మీద వేసుకుని చూసేవాడు. వగరు తగిలితేనే రంగు దిగినట్టు. ఆ కుండలోంచే తల్లి ఓ గరిటెడు తెచ్చి శనగపిండిలో కలిపేది. బట్టకో రంగు, పొట్టకో రంగు అని ఆ ఇంట్లో వేరే లేదు.

తండ్రి పోయాక అద్దకం షెడ్డు తమ్ముడు ఈశ్వరప్రసాద్ చేతికొచ్చింది. కుండ పోయి పొట్లం వచ్చింది.

"అదేనక్కా, ఎండబెట్టి పొడి చేయించా" అన్నాడు.

ఆవిడ నాలుక మీద వేసుకుంది. వగరు లేదు. లేకపోతే మరీ మంచిది, తీపి చెడదు అనుకుని ఊరుకుంది.

మొన్న వేసవిలో ఆహార భద్రతా అధికారి సుచిత్ర వచ్చి లడ్డులకు సీలు వేసి పరీక్షకు పట్టుకెళ్ళింది. మళ్ళీ వచ్చి మెల్లగానే చెప్పింది.

"మామ్మగారూ, ఇది బట్టలకు వేసే రంగండీ. తినేది కాదు."

"నోరు జాగ్రత్త పిల్లా! నా లడ్డు తిని పెళ్ళాడినవాళ్ళు పిల్లల పెళ్ళిళ్ళు కూడా చేశారు. ఉప్పు కలపట్లా? వంట పసుపు కలపట్లా? వాటికి లేదేం కేసు?"

"అవి వంటలో మామూలుగా వేసే దినుసులే కదండీ. తిండిగా ఎవరూ తిననిదాన్ని రంగు కోసమో, నిలవ కోసమో కావాలని కలిపితే చట్టం లెక్క వేరు. ఏవి కలపొచ్చో, ఎందులో ఎంతో ముందే రాసిపెట్టారు. రాయనిది చిటికెడు వేసినా తప్పే. ఇంతకీ ఎక్కడ కొన్నారు?"

మహాలక్ష్మమ్మ తమ్ముడికి కబురు పంపింది.

ఆ సాయంత్రం ఈశ్వరప్రసాద్ వచ్చి గడపలో కూలబడ్డాడు. "బజార్లో కొన్నానని చెప్పక్కా. నా బట్టలన్నీ నేచురల్ కలర్లని చెప్పి అమ్ముతున్నా. షెడ్డు పేరొస్తే మునిగిపోతా."

"తెలిసి తెలిసి జనం చేత బట్టల రంగు తినిపించానని చెప్పమంటావా? నీ మనవరాలి బారసాలకి నా లడ్డే పంచావు కదరా. అప్పుడైనా నోరు పెగల్లేదా?"

"కాస్తే కదా అనుకున్నా."

మర్నాడు ఆవిడ బందరు ఆఫీసుకు వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పింది. సుచిత్ర అంతా రాసుకుని, "తెలీదన్న సంగతి కోర్టులో చెప్పుకోండి మామ్మగారూ. కలిపింది మీరు, అమ్మింది మీరు. కేసు మీ మీదే" అంది.

షెడ్డుకు కొనేవాళ్ళు రావడం మానేశారు. తమ్ముడు అక్క గుమ్మం తొక్కడం మానేశాడు. పొయ్యి చల్లారింది.

వాయిదాకి బందరు బస్సెక్కితే పక్క సీట్లో చిట్టెమ్మ. కూతురి పెళ్ళికి లడ్డు చేయించుకున్న మనిషి.

"పిన్నిగారూ, మా పిల్లకి లివరు చెడిందన్నారండీ. అది కడుపుతో ఉన్నప్పుడు కూడా మీ లడ్డులే అడిగి తెప్పించుకునేది..." ఆపేసి, ఆవిడ మొహంలోకి చూసింది. "దానివల్లేనంటారా?"

ఊళ్ళో నోటికి ఎదురులేని మహాలక్ష్మమ్మ సంచి గట్టిగా పట్టుకుంది.

"తెలీదమ్మా" అంది.