ఖాజా భాయికి రాని జ్వరం

2008 ఆగస్టులో నన్ను కల్లూరు నుంచి గోదావరి పక్క అడవి మండలంలోని ఒక సర్కారు దవాఖానాకు బదిలీ చేశారు. హోదా గ్రేడ్-2 ల్యాబ్ టెక్నీషియన్. పని మాత్రం ముప్పాతిక వంతు మలేరియా. వానాకాలంలో రక్తపరీక్షకు వచ్చిన ప్రతి ఒక్కరికీ వేలి కొన నుంచి చుక్క తీసి, స్లైడ్ మీద పూసి, రంగు వేసి, మైక్రోస్కోపులో క్రిమిని వెతకాలి. కళ్లు మూసినా ఊదా చుక్కలే కనిపించేవి.

ఆ ఏడే మా ఫిజీషియన్ గారు కొత్త పని పెట్టారు. బీపీ ఉన్నవాళ్లకు ఏ బాధా తెలియకముందే రక్తనాళాల గోడలు మందమవుతుంటాయి. ఆ జాడ రక్తంలో ముందే పట్టుకోవాలన్నారు. కొలెస్ట్రాల్‌తో పాటు సీఆర్‌పీ అనే పరీక్ష చేయించేవారు. ఒంట్లో వాపు ఎక్కడున్నా, నాళాల గోడల్లో ఉన్నా సరే, అది పెరుగుతుంది. చిక్కేమిటంటే జ్వరానికీ, పుండుకీ కూడా పెరుగుతుంది. అందుకే రిపోర్టులో ‘జ్వరం/గాయం’ అని ఒక గడి. ‘ఉంది’ అని రాస్తే కేసు పక్కన పెడతారు. ‘లేదు’ అంటే రెండు వారాలకు మళ్లీ రక్తం తీసి, అప్పటికీ దిగకపోతే ఖమ్మం పంపి మెడ నాళాలకు స్కాన్ తీయిస్తారు.

దర్జీ ఖాజా భాయికి నలభై మూడేళ్లు. బీపీ గోలీలు ఓ వారం వేసుకుని ఓ వారం మానేసే రకం. ఆయన సీఆర్‌పీ బాగా ఎక్కువొచ్చింది. నేను గడిలో ‘ఉంది, మలేరియా’ అని గీకేశాను. ఆయన్ని అడగలేదు. అంతకన్నా సిగ్గుచేటు, ఆయన స్లైడ్ ఆ పొద్దున చూసింది నేనే, క్రిమి లేదు. మా అడవి పట్టున వానల్లో ఏ అంకె పెరిగినా మలేరియా మీదికి తోసేయడం మాకు అలవాటు.

రిపోర్టులో ఆ మాట చూసి ఖాజా భాయి సంబరపడ్డాడు. “జరంతోనే గిట్లయిందంటే ఇగ బీపీ గోలీలు బంద్ చేస్తా సార్” అన్నాడు. నేను తల కూడా ఎత్తలేదు.

ఊళ్లు తిరిగే మా ఏఎన్‌ఎం సరోజినమ్మ పక్కనే నిలబడి ఉంది. కాగితం చేతిలోకి తీసుకుంది.

“ఏంది సార్ గిది? ఈయనకు జరం ఎప్పుడొచ్చింది? పొద్దుగాల థర్మామీటర్ పెట్టింది నేనే.”

“ఈ వానల్ల జరం లేనోడు ఎవడున్నడమ్మా?” అని కసురుకున్నాను.

“అవ్ సార్, ఉన్నోళ్లకు రాయుండ్రి. లేనోళ్లకు ఎందుకు అంటగడుతున్నరు?”

నలుగురిలో నా మొహం మాడిపోయింది. కోపంతోనే కాగితం లాక్కుని, రాసింది కొట్టేసి ‘లేదు’ అని రాశాను. కొట్టివేత పక్కన సంతకం ఉండాలి కాబట్టి అదీ పెట్టాను.

రెండు వారాల తర్వాత కూడా సీఆర్‌పీ దిగలేదు. ఖమ్మం స్కాన్‌లో మెడ నాళం గోడ మందమైందనీ, ఒకచోట కొవ్వు పేరుకోవడం మొదలైందనీ తేలింది. దారి ఇంకా మూసుకోలేదు. ఫిజీషియన్ గారు ఆయన్ని ఎదురుగా కూర్చోబెట్టి, గోలీలు తప్పొద్దు, బీడీ ముట్టొద్దు అన్నారు. ఖాజా భాయి విన్నాడు. నేను రిటైరయ్యే నాటికి నిక్షేపంగా కుట్టుమిషన్ తొక్కుతున్నాడు.

సరోజినమ్మకు ఆ రోజు కృతజ్ఞత చెప్పేంత మర్యాద నాకు లేకపోయింది. తర్వాత చెప్పాను, చాలాసార్లు. ఆమె ఆపకపోతే ఒక మనిషి నా రాతను నమ్మి మందు మానేసేవాడు. మిగిలిన సర్వీసంతా ఆ గడి నింపేముందు రోగి వైపు తిరిగి “జరం వచ్చిందా?” అని అడిగాను. అర నిమిషం పట్టే పని అది.