నూట తొంభై రెండు బల్బుల మనిషి

నాంపల్లిలో ఒక ఆడపిల్లల బడిలో నేను కుట్టుపని టీచరుగా చేరిన రెండో ఏడు అది. మా చిన్నాయనకు అబిడ్స్‌లో ఒక సందు లోపల రేడియోలు బాగుచేసే దుకాణం ఉండేది. ఆ ఏడు ఆయన నాంపల్లిలో ఏటా జరిగే పెద్ద ఎగ్జిబిషన్ అయిన నుమాయిష్‌లో స్టాలు తీసుకున్నాడు, రేడియోలు అమ్మడానికి కాదు, ఒక ఆట పెట్టడానికి. రెండు చెక్క పలకలు, ఒక్కోదాని మీద అడ్డంగా పన్నెండు, నిలువుగా పదహారు చిన్న బల్బులు. కింద చేత్తో తిప్పే పిడి. తిప్పితే లోపలి రోలరు తిరిగి బల్బులు మార్చి మార్చి వెలుగుతాయి, పలక మీద ఒక మనిషి ఉరుకుతాడు. ఇద్దరు పోటీపడి తిప్పాలి. ఎవరి రోలరు ముందు వంద చుట్లు తిరిగితే వాళ్ల గంట మోగుతుంది.

"పెయింటర్ మంచిగనే గీసిండు, గని ఆ బొమ్మ బల్బులల్ల పడ్తలేదు," అన్నాడు చిన్నాయన ఒక రోజు మా ఇంట్లో చాయ్ తాగుతూ.

"నాకియ్యి చిన్నాయనా. క్రాస్ స్టిచ్‌కు గళ్ల కాగితం మీద చిలకలు గీస్త గద, మనిషిని గీయలేనా?" అన్నాను.

ఆ మాట ఎందుకన్నానా అని తర్వాత తొమ్మిది రోజులు బాధపడ్డాను. నుమాయిష్ మొదలయ్యేది సరిగ్గా తొమ్మిది రోజులకే.

బడి విడవగానే నడిచి దుకాణానికి పోయేదాన్ని. ఒక గడికి ఒక బల్బు. నాలుగు బొమ్మలు గీయాలి: కాళ్లు చాపింది, దగ్గరికి తెచ్చింది, మళ్లీ చాపింది, మళ్లీ దగ్గరికి తెచ్చింది. కాగితం మీద చక్కగా కనిపించిన మనిషి బల్బుల్లో వెలిగేసరికి ఉబ్బిన మూటలా అయ్యాడు. ఒక బల్బు వెలుతురు పక్క బల్బు మీదికి పారి రెండు కాళ్లూ కలిసిపోయేవి. కాళ్ల మధ్య రెండు గళ్లు ఖాళీ వదిలాను. మెడ తీసేశాను. ముక్కుకు ఒకే ఒక్క బల్బు పెడితే అప్పుడు తెలిసింది, అతను ఎటు చూస్తున్నాడో.

నేను మార్చిన ప్రతిసారీ తీగలు విప్పి మళ్లీ అతికించేది దుకాణంలో మెకానిక్. ముప్పై అయిదేళ్లుంటాయి. చిన్నప్పుడు జ్వరమొచ్చి ఎడమకాలు సన్నబడింది, కుంటుతూ నడిచేవాడు. ఎన్నిసార్లు మార్చమన్నా విసుక్కోలేదు. అతను విసుక్కోకపోవడమే నాకు ఇంకా భయంగా ఉండేది.

ఆరో రోజు నాలుగు బొమ్మలూ కలిపి మొదటిసారి పిడి తిప్పాం. మనిషి ఉరికాడు. చిన్నాయన కాసేపు చూసి, "ఏందో తేడా కొడ్తుంది," అన్నాడు. ఇంకా నిదానంగా తిప్పాడు. అప్పుడు ముగ్గురికీ కనిపించింది. ఆ మనిషి కుంటుతున్నాడు.

మనిషి అడుగు ఎట్లా పడుతుందో తెలియక నేను ఇన్ని రోజులూ నా ముందు అటూ ఇటూ తిరిగే మనిషినే చూసి గీశాను. ఆ మనిషి ఎవరో గీస్తున్నప్పుడు తట్టలేదు. చిన్నాయన గిరాకీ వచ్చినట్టు ముందు గదిలోకి పోయాడు. ముందు గదిలో ఎవరూ లేరు.

"అన్నా, నేను కావాలని గీయలే," అన్నాను.

"ఔ, ఎరుకే టీచరమ్మా. చూసి గీసిన్రు," అన్నాడు అతను. "మంచిగనే చూసిన్రు."

ఆ మాటలో కోపముందో లేదో నాకు అంతుపట్టలేదు. అతను నా కాగితాలు తీసుకుని బల్ల మీద వరసగా పరిచాడు.

"గీడ చూడున్రి. ఈ అడుగుకు తల ఒక గడి కిందికి దిగింది. ఆ అడుగుకు దిగలే. నాకు గట్లనే దిగుతది, ఒక్క దిక్కే. బాగున్నోళ్లకు రెండు దిక్కులా సమానంగ దిగుతది. నేను చిన్నప్పటిసంది అందరి నడక చూస్తనే ఉన్న."

మూడో బొమ్మలో తలను ఒక గడి దించాను. భుజాన్ని దించాను. అతను పన్నెండు తీగలు మార్చాడు. నేను పక్కన నిలబడి బల్బులు అందించాను. ఈసారి పిడి అతనే తిప్పాడు. పలక మీది మనిషి తిన్నగా, తేలిగ్గా ఉరికాడు. అతను కాసేపు తిప్పుతూనే ఉన్నాడు.

నుమాయిష్ మొదటి రోజు సాయంత్రం నేను స్టాలు వెనక పలకల చాటున నిలబడ్డాను. ఎవరైనా నవ్వుతారేమో, రోలరు ఆగిపోతుందేమో అని చెవులు రిక్కించి విన్నాను. జనం నవ్వారు, కానీ పందెం చూసి. ఒక పెద్దాయన తన భార్యతో పోటీపడి ఓడిపోయి, మళ్లీ వరసలో నిలబడ్డాడు. మెకానిక్ స్టూలు మీద కూర్చుని, పిడి సందుల్లో నూనె చుక్కలు వేస్తూ ఉన్నాడు. నేను జనం ముఖాలకంటే అతని ముఖమే ఎక్కువ చూశాను. అందులో నాకు ఏమీ దొరకలేదు.

మూడో రోజు గాని ధైర్యం చేసి ముందుకొచ్చి జనం మధ్య నిలబడలేదు. అప్పుడు చూశాను, రెండో బొమ్మలో మడమ వెనక ఒక బల్బు ఎక్కువగా వెలుగుతోంది. అది నా తప్పే, కాగితం మీద ఒక గడి ఎక్కువ నింపాను. ఎవరికీ చెప్పలేదు. అతను మళ్లీ తీగలు విప్పుతాడని భయం. నుమాయిష్ అయిపోయేదాకా ఆ బల్బు అట్లాగే వెలిగింది.