ముప్పై డిగ్రీల మెట్లు

నిన్న సాయంత్రం మా మనవరాలు పదో తరగతి లెక్కల పుస్తకం ముందేసుకుని, "గోడకి నిచ్చెన వేస్తే ఎక్కి పని చూసుకోవాలి గానీ, దాని కోణం మనకెందుకు నానమ్మా?" అని విసుక్కుంది. నాకు నవ్వాగలేదు. ఆ కోణం కోసం రామచంద్రపురంలోని మా ఇంట్లో ఒకప్పుడు జరిగిన హడావిడి అంతా ఇంతా కాదు.

మా అత్తగారికి వడియాలంటే ప్రాణం, మోకాళ్లు మాత్రం మాట వినేవి కావు. డాబా మీదికి నిటారు చెక్క నిచ్చెన తప్ప దారి లేదు. పిండి పట్టుకెళ్లి నేను వడియాలు పెడుతుంటే, మరీ పల్చగా పెట్టొద్దని ఆవిడ కిందనుంచే కేకలు. ఒక్కసారైనా తనంత తాను ఎక్కి, తన చేత్తో పెట్టుకోవాలని ఆవిడ కోరిక. లెక్కల మాస్టారైన మా మావగారు ఇనప మెట్లు చేయిద్దామన్నారు. "ముప్పై డిగ్రీల వాలు పెట్టిస్తాను, నీ మోకాళ్లు నన్ను దీవిస్తాయి" అంటూ వాకిట్లో ముగ్గుపిండితో త్రిభుజం గీశారు. డాబా ఎత్తు పది అడుగులు. సైన్ ముప్పై అర గనక మెట్ల పొడవు ఇరవై. టాన్ ప్రకారం గోడకి పదిహేడు అడుగుల దూరంలో మొదటి మెట్టు. అత్తగారు ఊరుకోలేక త్రిభుజం పక్కన ఒక తామరపువ్వు కూడా వేశారు.

వెల్డింగ్ షాపు నుంచి మెట్లు ట్రాక్టర్ మీద వచ్చాయి. నిలబెట్టి చూస్తే పై కొస డాబాకి రెండడుగులు కిందే ఆగిపోయింది. వరద నీళ్లకి జడిసి మా వైపు ఇళ్లు ఎత్తైన అరుగుల మీద కడతారు. మావగారు గదిలో నేల నుంచి కొలిచి, మెట్లేమో వాకిట్లో దింపారు. మధ్యలో అరుగు ఎత్తు మరిచిపోయారు. ఏళ్ల తరబడి సైన్లూ టాన్లూ చెప్పిన మనిషి మొహం చిన్నబోయింది. "మీ లెక్కకేమండీ, బంగారంలా ఉంది. ఇల్లే కాస్త ఎత్తుగా నిలబడింది" అన్నారు అత్తగారు, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని.

మెట్ల కింద రెండడుగుల సిమెంటు దిమ్మ కట్టించి, దాని మీదికి ఎక్కడానికి బుల్లి మెట్లు పెట్టించారు. అత్తగారు ఆ దిమ్మ మీద కాసేపు కూర్చుని, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా పైకెళ్లారు. "వచ్చేశానండోయ్!" అని పైనుంచి కేక. కింద మావగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. నాకు నవ్వూ ఏడుపూ కలిసే వచ్చాయి.

ఇప్పుడు వాళ్లిద్దరూ లేరు. పైకెళ్లే ముందు ఆ దిమ్మ మీద ఆగి ఊపిరి తీసుకునేది నేనే. ఆవిడ వయసుకి ఎప్పుడు చేరానో గుర్తే లేదు; కాలం మనల్ని ఎంత తక్కువ వాలులో ఎక్కిస్తుందో, పైకొచ్చి వెనక్కి చూసేదాకా తెలియదు.