ఐదు కాస్తా రెండైంది

మొన్న గ్యాస్ బండ దింపి వెళ్ళిన కాసేపటికే ఫోను. "మా సర్వీసుకు ఒకటి నుంచి ఐదు దాకా ఎన్ని మార్కులిస్తారు మేడం?" అని ఒక అమ్మాయి తీయగా అడిగింది. పాపం, ఆ పిల్ల తప్పేమీ లేదు గానీ నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మాట వింటే చాలు, తాండూరుకు వచ్చిన కొలతల సారే కళ్ళముందు నిలబడతాడు.

రిటైరయ్యాక ఊరికే కూర్చోలేక, ఆదివారం ఆదివారం వికారాబాద్‌లో రైలెక్కి తాండూరు వెళ్ళేదాన్ని. నాపరాయి బండల పాలిషింగ్ యూనిట్లలో పనిచేసేవాళ్ళ బస్తీలో, ఇంటర్ పిల్లల్ని పట్నం కాలేజీలకు తయారుచేసే క్లాసు పెట్టింది ఒక సంస్థ. అప్లికేషన్ ఎలా పెట్టాలి, హాస్టల్ ఎలా వెతుక్కోవాలి, లెక్చరరు ఇంగ్లీషులో గడగడా చెప్పుకుపోతుంటే నోట్సు ఎలా రాసుకోవాలి, ఇవే మా పాఠాలు. కిటికీలు మూసినా బండల దుమ్ము ఆగేది కాదు. సాయంత్రం నన్ను చూసి మా ఆయన "పాఠం చెప్పొచ్చినవా, పిండి గిర్నీకి పోయొచ్చినవా?" అనేవారు.

క్లాసు మొదలైన రోజే కొలతల సారు దిగాడు. క్లాసు ఫలితం కొలవడానికి సంస్థ పంపిన మనిషి, మర్యాదస్థుడే. కాలేజీలో నెగ్గుకొస్తామన్న ధైర్యం ఎంతుందో ఐదుకు చెప్పమని ఒక్కొక్కరినీ అడిగాడు. మన పిల్లలు కొత్త సారు ముందు తగ్గుతారా? అందరూ ఐదే! ఏడాది చివర మళ్ళీ వచ్చి అదే ప్రశ్న వేశాడు. ఈలోగా నేను వాళ్ళని పట్నం తీసుకెళ్ళి ఒక పెద్ద కాలేజీ చూపించాను. ఆ లైబ్రరీ, ఆ ఇంగ్లీషు చూసొచ్చిన పిల్లలు ఈసారి ఆలోచించి మరీ తగ్గించి చెప్పారు. బొంరాస్‌పేట నుంచి పనికోసం వచ్చి స్థిరపడ్డ ఒకాయన బిడ్డ, నా క్లాసులో అందరికన్నా చురుకైనది, రెండు చెప్పింది. ఇంకేముంది, క్లాసు వల్ల ధైర్యం తగ్గిందని సారు తేల్చేశాడు. నేను ఎంత మొత్తుకున్నా, "లెక్క గట్లనే వస్తుంది మేడం, నేనేం జేయాలె?" అన్నాడు. ఏం మనిషండీ! నెలలోపే క్లాసు మూసేశారు.

అంతటితో పోతే బాగుండేది. బిడ్డని పట్నంలో డిగ్రీకి పంపుతానని నాకు మాటిచ్చిన ఆ తండ్రి, కబురు వినగానే వెనక్కి తగ్గాడు. "క్లాసే ఫెయిలైందంట గద మేడం. ఇగ నా బిడ్డ పట్నంల ఏం పాసైతది?" అన్నాడు.

ఆ పిల్ల గడప దగ్గర నిలబడి గట్టిగానే చెప్పింది. "అప్పుడు కాలేజంటే ఏందో తెల్వదు నాయినా, గందుకే ఐదన్న. ఇప్పుడు తెలిసింది, నేర్సుకునేది మస్తుందని. గందుకే రెండన్న. పోకపోతే రెండు కాడనే ఉంట."

ఆయనేమో కూతురి మాట కొట్టిపారేయలేడు, పట్నం సారు మాట కాదనలేడు. నేను మళ్ళీ మళ్ళీ వెళ్ళాను, బతిమాలాను, చివరికి తిట్టాను కూడా. ఎట్టకేలకు "సరే మేడం, తోలుతా" అన్నాడు గానీ, అప్పటికి అడ్మిషన్ల గడువు దాటిపోయింది. తోటివాళ్ళు బస్సెక్కి పోతుంటే ఆ పిల్ల ఏడాదంతా బస్టాండు ఎదుట జిరాక్స్ షాపులో ఇతరుల సర్టిఫికెట్లు కాపీలు తీస్తూ కూర్చుంది. నేను పోయినప్పుడల్లా నవ్వుతూనే పలకరించేది.

ఈ జూన్‌లో సీటొచ్చింది, హాస్టల్‌లో చేరింది. సంతోషమే. సంస్థవాళ్ళు మాత్రం, క్లాసు వల్ల ఫలితమేమీ కనబడలేదని నివేదిక రాసుకున్నారట. రాసుకోనీ. వాళ్ళ కొలత వల్ల ఆ పిల్లకు పోయిన ఏడాదిని ఎవరూ కొలవలేదు. కొలిచినా, అది తిరిగొచ్చేది కాదు.