రెండు కండ్ల సున్న

ఒకే ఒక్క కమాండుతో ఒక స్కూలు వార్షికోత్సవాన్ని తలకిందులు చేసిన ఘనుడు సిద్దిపేటలో ఎవరని అడిగి చూడండి, అందరూ నా పేరే చెబుతారు. మా ఇంట్లోవాళ్లయితే మీరు అడగకముందే చెబుతారు. ఆ సాయంత్రం తలపుకొస్తే ఇప్పటికీ నా చెవులు వేడెక్కుతాయి, ఆ వెనకే నవ్వు తన్నుకొస్తుంది.

అప్పట్లో ఆ స్కూల్లో కంప్యూటర్ ల్యాబ్ నేనే చూసుకునేవాణ్ణి. కంప్యూటర్లలో విండోస్‌కు బదులు వేసుకునే లినక్స్ అంటే నాకు పిచ్చి. ఎవరి కంప్యూటరైనా నెమ్మదించిందని చెవిన పడితే చాలు, పెళ్లిచూపులకు బయలుదేరినంత హుషారుగా వెళ్లి అందులో లినక్స్ ఎక్కించి వచ్చేవాణ్ణి. అడిగారా లేదా అన్నది నాకు పట్టేది కాదు. అలా నా చేతికి చిక్కినవాళ్లలో సుగుణక్క ఒకరు.

సుగుణక్కది రాయపోల్. స్కూటీ మీద వచ్చి మా పిల్లలకు కుంగ్‌ఫూ నేర్పేది. హైదరాబాద్‌లో తాను నేర్చుకున్నప్పుడు గురువు ఇచ్చిన చైనా వాయిద్యాల పాటలన్నీ ఆమె పాత ల్యాప్‌టాప్‌లో ఉండేవి. పాటలు బ్రహ్మాండంగా మోగేవి, పేర్లు మాత్రం ఘోరంగా ఉండేవి. పాట ఫైలు లోపలే దాని పేరు రాసి ఉంటుంది, దాన్ని ట్యాగ్ అంటారు. చైనావాళ్లు తమ పద్ధతిలో రాసుకున్న ఆ పేరును మన కంప్యూటర్ ఇంకో పద్ధతిలో చదివితే, నెత్తిన చుక్కలూ టోపీలూ కొమ్ములూ మొలిచిన ఇంగ్లిష్ అక్షరాల కిచిడీ కనిపిస్తుంది.

ఆ ఏడాది సుగుణక్కకు అసలు పరీక్ష వచ్చిపడింది. కరస్పాండెంట్ సారు ఆమెను పిలిచి ఖరాఖండిగా చెప్పేశారు. "సుగుణమ్మా, యానివల్ డే నాడు నీ ఐటమ్ జూస్త. తల్లిదండ్రులు మెచ్చుకున్నరనుకో, వచ్చే ఏడు నుంచి నీ పీరియడ్ పర్మనెంట్. లేదంటె గా పీరియడ్ అబాకస్ లెక్కలకు ఇస్త."

ఆ మాట విన్నాక నేను ఊరుకుంటానా? సాయం చేయాలని చేతులు ఒకటే దురద. వార్షికోత్సవం నాడు ల్యాప్‌టాప్ దగ్గర కూర్చుని పాట పెట్టే పని అడిగి మరీ తీసుకున్నాను. ముందురోజు మధ్యాహ్నం ఆ ల్యాప్‌టాప్ తెరిచాను.

"అక్కా, గీ పేర్లేంది? గీటిల ఏ పాట ఏదో ఎట్ల గుర్తువడుతవ్?"

"గదేం కష్టం తమ్మీ. రెండు కండ్ల సున్నతోని మొదలైతె డోలు పాట. టోపీ సున్న ఉంటె పిల్లనగ్రోవి. కడుపుల గీతున్న డీ కనవడితె కత్తుల పాట."

"గిది చదువుడు గాదక్కా, సోది చెప్పుడు. ఒక్క నిమిషంల సాఫ్ చేసిస్త."

"మంచిగనే నడుస్తున్నయి గదా, ఎందుకు ముట్టుడు? మా అవ్వ పాడిన బతుకమ్మ పాటలు గూడ గండ్లనే ఉన్నయి, పైలం."

ఆ చివరి మాట నా చెవి దాకా వచ్చి అక్కడే కూర్చుండిపోయింది. ఆమె అటు వెళ్లగానే, పేర్లన్నీ చైనా పద్ధతిలో చదివి తిరగరాసే కమాండును మొత్తం ఫోల్డర్ మీద వదిలాను. విడిగా ఒక కాపీ పెట్టుకుందామన్న ఆలోచన కూడా రాలేదు. ఎంటర్ నొక్కిన మరుక్షణం తెర నిండా చైనా అక్షరాలు, ముచ్చటైన చిన్న చిన్న ఇళ్లలా వరుస కట్టాయి. ఆనందంతో కుర్చీలో నిలవలేకపోయాను. కొన్ని పేర్లలో ఒకే అక్షరం పదే పదే వచ్చింది. చైనావాళ్లకు ఆ అక్షరం బాగా ఇష్టం కాబోలు అనుకుని ల్యాప్‌టాప్ మూసేశాను. నా కమాండు తెలుగు పేర్లను కూడా చైనావే అనుకుని మార్చేసిందని నాకేం తెలుసు?

మర్నాడు సాయంత్రం స్కూలు గ్రౌండు కిటకిటలాడింది. ముందు వరసలో కరస్పాండెంట్ సారు, రెండో వరసలో రాయపోల్ నుంచి వచ్చిన సుగుణక్కవాళ్ల అవ్వ. స్టేజీ మీద పిల్లలంతా కొంగల్లా ఒంటికాలి మీద నిలబడ్డారు. సుగుణక్క నా వైపు వంగి మెల్లగా చెప్పింది.

"తమ్మీ, రెండు కండ్ల సున్న వెట్టు."

తెర చూశాను. కండ్లు లేవు, టోపీలు లేవు, సున్నలే లేవు.

"అక్కా, సున్నలు లేవు."

"లేవంటె?"

"సాఫ్ చేసిన గదా. ఇప్పుడన్నీ అసలైన చైనా భాషల ఉన్నయి."

"నీకు చైనా భాష వస్తదా?"

"రాదు."

"నాకొస్తదా?"

"రాదక్కా."

"మరి ఎవ్వరి కోసం చేసినవ్ తమ్మీ?"

అవతల పిల్లలు ఒంటికాలి మీద ఊగిపోతున్నారు. కళ్లు మూసుకుని ఒక పాట నొక్కాను. పిల్లనగ్రోవి. అది ఎంత నింపాదిగా సాగిందంటే ముందు వరస పిల్లాడొకడు ఒంటికాలి మీదే ఆవులించాడు. కరస్పాండెంట్ సారు పక్కాయన చెవిలో ఏదో అన్నారు. అది అబాకస్ గురించేనని నా గుండె చెప్పింది.

అప్పుడు నా బుర్ర మెరిసింది. ఒకే అక్షరం మళ్లీ మళ్లీ వస్తోందంటే, దబదబ మోగే డోలు పాట అదే అయి ఉండాలి. ఇంతకన్నా గొప్ప తర్కం ఉంటుందా చెప్పండి. ధీమాగా నొక్కాను.

సౌండ్ బాక్సుల్లోంచి బతుకమ్మ పాట మొదలైంది. రాయపోల్ వాడకట్టు ఆడవాళ్లంతా వంత పాడుతున్న పాట. రెండో వరసలోంచి సుగుణక్కవాళ్ల అవ్వ లేచి నిలబడింది. "గది నా గొంతేనే," అంది పక్కావిడతో.

ఇక మన ఆడపిల్లల సంగతి మీకు తెలియనిదా? ఆ పాట చెవిన పడ్డాక ఒంటికాలి మీద ఎవరు ఆగుతారు? కాళ్లు వాటంతటవే కదిలాయి. స్టేజీ మీద గుండ్రంగా తిరుగుతూ, వంగుతూ, చప్పట్లు కొట్టడం మొదలుపెట్టారు. మగపిల్లలు బిక్కమొహాలు వేశారు. సుగుణక్క నన్ను చూసిన చూపుకు నేను ల్యాప్‌టాప్ వెనక్కి జారిపోయాను. కానీ మరుక్షణమే ఆమె స్టేజీ మధ్యకు ఉరికి, పాట లయలోనే కేక పెట్టింది.

"వంగున్రి. చప్పట్లు. ఇగ తన్నున్రి."

వంగడం, చప్పట్లు, గాల్లోకి తన్ను. పిల్లలంతా ఒక్కటిగా అందుకున్నారు. కుర్చీల్లోంచి తల్లులు లేచారు, స్టేజీ ముందే ఇంకో వలయం కట్టారు. వాళ్లకు ముందు సుగుణక్కవాళ్ల అవ్వ. ఆవిడ కాలు లేపి తన్నిన తన్నుకు కరస్పాండెంట్ సారు కుర్చీ వెనక్కి జరుపుకుని, తర్వాత తానే లేచి చప్పట్లు కొట్టారు.

"నీ పీరియడ్ పర్మనెంట్ సుగుణమ్మా," అన్నారు చివర్లో. "గింత మంచి ఐడియా ఎవరిది?"

సుగుణక్క నా వైపు చూసింది.

"మా తమ్మునిది సార్," అంది నవ్వుతూ. ఆయన అటు తిరగ్గానే నా దగ్గరికి వచ్చి, "రేపు పొద్దుగాల ల్యాప్‌టాప్ తెస్త. నా సున్నలు నాకు మల్ల గావాలె," అంది.

అలా మర్నాడు ఆదివారమంతా కూర్చుని, చక్కగా ఉన్న చైనా అక్షరాలను కష్టపడి పాడుచేశాను. లోకంలో అందరూ కిచిడీని బాగుచేయడానికి లినక్స్ వాడతారు, మంచి పేర్లను కిచిడీ చేయడానికి వాడినవాణ్ణి బహుశా నేనొక్కణ్ణే. సుగుణక్క పక్కనే కూర్చుని ఒక్కో పేరూ పరీక్షించింది.

"గీ సున్నకు ఒక్క కన్నే ఉంది తమ్మీ, మంచిగ జూడు."

కాబట్టి పాఠక మహాశయులారా, ఆ రెండు కండ్ల సున్న సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. నడుస్తున్నదాన్ని ఇక ఈ జన్మలో బాగుచేయను. మొన్న కరస్పాండెంట్ సారు తన కంప్యూటర్ నెమ్మదించిందన్నారు. నేను రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, "మంచిగనే నడుస్తున్నది గదా సార్, ఎందుకు ముట్టుడు?" అన్నాను.