సుభద్రమ్మ టీచర్ నవలతో మదీనాగూడ దాకా

వేసవి మొదట్లో సుభద్రమ్మ టీచర్ తన సభ్యత్వ కార్డు తెచ్చి నా బల్ల మీద పెట్టారు. సూర్యాపేట దగ్గర ఒక చిన్న లైబ్రరీలో నేను లైబ్రేరియన్‌ని. ఆవిడ మా పాత పాఠకురాలు. "కంటి మధ్యలో మసక పడిపోయిందండీ. చుట్టూ అన్నీ కనిపిస్తాయి, చూడబోయిన అక్షరమే కనిపించదు. ఈ కార్డు ఇంకెవరికైనా ఇవ్వండి" అన్నారు. ఆ కార్డు ఎవరికీ ఇవ్వకుండా సొరుగులో దాచాను. హైదరాబాద్ మదీనాగూడలోని ఒక లైబ్రరీలో ఫోన్ కెమెరాతో తెలుగు పుస్తకాన్ని పైకి చదివిస్తున్నారని ఒక మిత్రుడు చెప్పాడు. టీచర్ సగంలో ఆపేసిన పాత నవలను సంచిలో పెట్టుకుని, ఒక గురువారం బయల్దేరాను.

పొద్దున్నే బస్సెక్కితే మూడు గంటల్లో ఎల్బీ నగర్ చేరాను. అక్కడి నుంచి మియాపూర్ దాకా ఒకటే మెట్రో, ఎక్కడా మారక్కర్లేదు. డెబ్బై రూపాయల లోపు టికెట్టు, గంట ప్రయాణం. అమీర్‌పేటలో మెడలో ఆఫీసు కార్డులున్న కుర్రకారంతా హైటెక్ సిటీ వైపు రైలు కోసం దిగిపోయారు, నాకు కిటికీ పక్క సీటు దొరికింది. మియాపూర్‌లో ఆటో మాట్లాడుకుంటే డ్రైవర్ నన్నోసారి ఎగాదిగా చూశాడు. "లైబ్రరీకా? మా బిడ్డ గూడ ఆడికే పోతది, పరీక్షలకు సదువుకోనీకి. అందరు మాల్ కాడికే అడుగుతరు, మీరేంది లైబ్రరీ అంటున్రు?" అని నవ్వాడు. సరిగ్గా గుమ్మం ముందు దింపాడు.

లైబ్రేరియన్ అనూరాధ గారిది భీమవరం. "రండి రండి, ముందు మంచినీళ్ళు తాగండి" అంటూ లోపలికి తీసుకెళ్ళారు. గొప్ప యంత్రాలుంటాయనుకుని వెళ్ళిన నాకు ఒక టేబుల్ లైటు, స్టాండుకు బిగించిన మామూలు ఫోను, ఒక కంప్యూటరు కనిపించాయి. ఫోను పేజీని ఫొటో తీసి అందులోని అక్షరాలను పైకి చదువుతుంది, తప్పులుంటే కంప్యూటర్‌లో దిద్దుతారు. బీరువాలో ఒక పెట్టె ఉంటే ఏమిటని అడిగాను. "కళ్ళకు పెట్టుకుంటే చుట్టూ బొమ్మలు కదిలే వీఆర్ అద్దాలండీ. పిల్లలు వారం రోజులు ఆడారు, తర్వాత ఎవరూ అడగలేదు. అన్నీ ఇక్కడ నిలబడవు" అన్నారు దాపరికం లేకుండా. కొత్త పరికరం ఏది వచ్చినా ప్రతి గురువారం మధ్యాహ్నం పాఠకులతో కలిసి కూర్చుని వాడి చూస్తారట. ఎవరి అవసరమైనా తీరితే ఉంచుతారు, లేకపోతే బీరువాలోకి పోతుంది.

ఆ గురువారం కూటానికి యాదగిరి గారొచ్చారు. బాలానగర్‌లో లేత్ మిషన్ మీద పనిచేసిన మనిషి. షుగర్‌తో చూపు పోయింది. ప్రగతి నగర్‌లో కూతురింటి మిద్దె మీద తడుముకుంటూనే వంకాయలు, బీరకాయలు పండిస్తారు. ఆయన కోసం కూరగాయల సాగు మీద ఒక పాత పుస్తకం చదివిస్తున్నారు. యంత్రం గొంతు "వంట చేతికొచ్చిన తరువాత..." అనగానే ఆయన చెయ్యెత్తారు.

"ఆగున్రి మేడమ్! వంట చేతికొచ్చుడేంది? పంట అయ్యుంటది."

పాత అచ్చులో సిరా అలుక్కుని 'ప' మూసుకుపోతే యంత్రానికి అది 'వ'లాగే కనబడుతుందట. అనూరాధ గారు కంప్యూటర్‌లో దిద్దుతుంటే గదంతా నవ్వు. "గిట్ల సదివితే నేను తోట్ల పొయ్యి పెట్టాల్సొస్తది!" అన్నారు యాదగిరి గారు. ఇలాంటి తప్పులు దిద్దడానికి చుట్టుపక్కల అపార్ట్‌మెంట్ల గృహిణులు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు వంతులేసుకుని వస్తారని విని ముచ్చటేసింది.

కూటం ముగిశాక, ఆలస్యంగానే, అనూరాధ గారూ నేనూ భోజనానికి పక్క వీధి మెస్సుకెళ్ళాం. నూట ఇరవైకి పప్పు, గోంగూర, పెరుగు. తిరిగొచ్చాక నా నవల బయటికి తీశాను. మొదటి ప్రయత్నం ఘోరంగా విఫలమైంది. పసుపెక్కిన కాగితం, మధ్యలో మడత నీడ. యంత్రం రెండు వరుసలు కలిపి చదివేసి అర్థంపర్థం లేని మాటలు వినిపించింది. ఇంత దూరం ఇందుకా వచ్చాననిపించింది. "నాకూ ఈ రకం కాగితంతో అలవాటు లేదండీ, చూద్దాం" అని అనూరాధ గారు లైటు పక్కకు తిప్పారు, పేజీ మీద అద్దం పలక పెట్టి చదును చేశారు, మళ్ళీ ఫొటో తీశారు. ఈసారి తప్పులు తగ్గాయి. మిగిలినవి ఇద్దరం కూర్చుని దిద్దాం.

అప్పుడు టీచర్‌కి ఫోన్ చేసి, ఏమీ చెప్పకుండా ఆ పేజీ వినిపించాను.  

"ఎవరండీ ఆ అమ్మాయి? కామా దగ్గర ఆగదేం?" అన్నారు టీచర్, అచ్చం క్లాసులో లాగా. విషయం చెప్పాను. అనూరాధ గారు వేగం తగ్గించారు. మళ్ళీ విన్నారు. పేజీ అయిపోయాక అడిగారు: "రేపు మన లైబ్రరీ ఎన్నింటికి తెరుస్తారు?"

ఇప్పుడు మా లైబ్రరీలోనూ ఒక లైటు, ఒక అద్దం పలక, ఒక ఫోను ఉన్నాయి. టీచర్ వారానికి రెండుసార్లు వచ్చి వింటున్నారు. ఆ గొంతులో ప్రాణం లేదని ఇప్పటికీ విసుక్కుంటారు, అది నిజమే. ఇన్నాళ్ళూ కొత్త సాంకేతికత పేరు వింటేనే వెనకబడిపోయానని దిగులు పడేదాన్ని. అనూరాధ గారికీ అన్నీ తెలియవు. తెలియదని పాఠకుల ముందే చెప్పి, వాళ్ళతో కలిసి నేర్చుకోవడం చూశాక నాకు ధైర్యం వచ్చింది.

మీలో ఎవరైనా వెళ్ళేట్టయితే గురువారం మధ్యాహ్నం వెళ్ళండి. మీ ఊళ్ళో చూపు మందగించి చదవడం మానేసినవాళ్ళ పుస్తకం ఒకటి తప్పకుండా వెంట తీసుకెళ్ళండి. అక్కడి నుంచే వాళ్ళకు వినిపించేందుకు ముందే వాళ్ళ ఫోన్ నంబరు కూడా రాసుకోండి.